మన తీరం ఉక్కలో సమోయెడ్‌ని పెంచడం న్యాయమేనా?

కోటగుమ్మం, విజయనగరం:
అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో తరగతి. రెండేళ్లుగా సమోయెడ్ జాతి కుక్క కావాలని అడుగుతోంది. బెంగళూరులో మా బావమరిదికి తెలిసినవాళ్ల ఇంట్లో పిల్లలు పుట్టాయి, ఒకటి ఇస్తామంటున్నారు. మాది రెండు గదుల డాబా ఇల్లు, ఒక గదిలో ఏసీ ఉంది. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. మా అన్నయ్యేమో "మంచు దేశం కుక్కని తెచ్చి ఇక్కడ చంపుతావా" అని గొడవ. పాప "ఏసీ ఉందిగా" అంటోంది. పెంచినవాళ్లూ, వద్దనేవాళ్లూ మొహమాటం లేకుండా చెప్పండి.

జీడితోట, పలాస:
మీ అన్నయ్యగారి మాటే నాదీ. ఆ కుక్కది సైబీరియా ఉత్తర ప్రాంతం. అక్కడి నెనెట్స్ అనే తెగ జనంతో కలిసి రెయిన్‌డీర్ మందలు కాసేది, స్లెడ్జి బళ్లు లాగేది, రాత్రి గుడారంలో ఇంటివాళ్లని ఆనుకుని పడుకునేది. ఏసీ ఉందంటున్నారు కదా, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా పలాస పక్కనే తీరం దాటింది. మా వీధికి కరెంటు రావడానికి రోజులు పట్టింది. తాగే నీళ్ల కోసమే జనరేటరు వెతుక్కున్నాం. ఆ రోజుల్లో ఇంట్లో సమోయెడ్ ఉంటే ఏం చేస్తారు? ఇది ఒక్కటి ఆలోచించండి.

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
నా దగ్గర నాలుగేళ్లుగా ఒక ఆడ సమోయెడ్ ఉంది. పేరు బూరుగు. మా వీధిలో ఒకరు ఊరు మారుతూ వదిలేసి వెళ్తామంటే తెచ్చుకున్నాం. అప్పటికి దానికి రెండేళ్లు.

ముందు ఒక అపోహ తీరాలి. ఒత్తు బొచ్చు వల్లే దానికి ఉడుకుతుందని అందరూ అంటారు. లోపలి పొర మెత్తటి నూగు, అది పేరుకుపోతే నిజంగానే ఉడుకుతుంది. దాన్ని దువ్వి తీసేస్తే మాత్రం పైపొర ఎండ చర్మానికి తగలకుండా కాపాడుతుంది. అసలు చిక్కు మన ఉక్కతో. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కాస్త పడుతుందంతే. మిగతాదంతా రొప్పడమే. నాలుక మీద తడి ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. నీడలో ఆరేసిన తువ్వాలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉండే రోజుల్లో నాలుక మీద తడి మాత్రం ఎలా ఆరుతుంది?

మా ఇంట్లో దానికోసమే వేళలు మారిపోయాయి. ఎండాకాలం నాలుగున్నరకి లేచి, ఎండ ముదరకముందే గట్టు మీద నడక ముగిస్తాం. మళ్లీ రాత్రి తొమ్మిది దాటాకే. బయల్దేరే ముందు అరచేతి వెనక భాగం తారురోడ్డుకి ఆనిస్తాను. ఐదు లెక్కపెట్టేలోపు చెయ్యి తీసేయాలనిపిస్తే వెనక్కి వచ్చేస్తాం. కూరలమ్మే అవ్వ మొదటిసారి చూసి "ఇదేటి బావూ, గొర్రా కుక్కా?" అంది. ఇప్పుడు రోజూ పలకరిస్తుంది.

సమోయెడ్ మూతి చివరలు పైకి తిరిగి ఉంటాయి, ఎప్పుడూ నవ్వుతున్నట్టే కనిపిస్తుంది. దారిన పోయేవాళ్లు "నవ్వుతోంది, నవ్వుతోంది" అని సెల్ఫీలు తీసుకుంటారు. ఎండలో అది నవ్వు కాదు, రొప్పు. ఆ తేడా నేను నేర్చుకున్న రోజు చెప్తాను.

మొదటి వేసవిలో ఒకరోజు పదిన్నరకి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. ఒంటిగంటకి నేను ఇల్లు చేరేసరికి బూరుగు స్నానాలగది గడపలో పడి ఉంది. నాలుక కొస గరిటెలా వెడల్పయిపోయింది. చిగుళ్లు ఇటుక రంగు. కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, థర్మామీటరు 105 చూపించింది. మా అమ్మ పాపం తడి దుప్పటి కప్పి కూర్చుంది. అలా కప్పి ఉంచితే వేడి లోపలే ఉండిపోతుందట, ఫోన్‌లో డాక్టరుగారు వెంటనే తీసేయమన్నారు. పైనుంచి నీళ్లు పోస్తే బొచ్చు మీదే జారిపోతున్నాయి. పాయలు పాయలుగా విడదీసి, పొట్ట మీదా తొడల లోపలా చర్మానికి తగిలేలా కుళాయి నీళ్లు పోశాను, పక్కన ఫ్యాను పెట్టాం. కాస్త తేరుకున్నాకే ఆటో ఎక్కించాం. "ముందు చల్లబరిచి తెచ్చారు కాబట్టి దక్కింది" అన్నారాయన.

దాన్ని వదులుకునే ప్రసక్తే లేదు నాకు. కానీ మన ఊళ్లకి కొత్తగా ఇంకొకటి తెప్పించమని మాత్రం ఎవరికీ చెప్పలేను.

రాజాం పిల్ల:
మీరు పెంచుతూ మమ్మల్ని వద్దంటే ఎలాగండీ? జర్మన్ షెపర్డ్‌లు, లాబ్రడార్‌లు కూడా చలి దేశాల నుంచి వచ్చినవే. అవి మన జిల్లాల్లో పెరగట్లేదా? అంత బొచ్చుంటే వేసవికి మెషీన్‌తో తీయించేస్తే సరిపోతుంది కదా.

గరివిడి పశువైద్య విద్యార్థి:
గొరిగించడం మాత్రం వద్దండీ. రెండు పొరల బొచ్చు ఒకసారి గొరిగితే కొన్నిటికి మళ్లీ సరిగ్గా రాదు, అక్కడక్కడా ప్యాచ్‌లుగా వస్తుంది. ఈలోపు చర్మం ఎండకి కమిలిపోతుంది. దువ్వడానికి మించిన దారి లేదు.

వేడి గురించి అందరూ మాట్లాడారు, గోమార్ల గురించి ఎవరూ అనలేదు. ఆ ఒత్తు బొచ్చులో గోమారి ఉంటే కంటికి కనబడదు, వేలితో తడిమి వెతకాలి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద చూడండి. గోమార్ల వల్ల వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కులోంచి రక్తం కారేదాకా కొందరు గమనించరు. వానల్లో తడిసి ఆరకపోతే చర్మం మీద పుండ్లు కూడా పడతాయి.

పిల్లని తెచ్చుకునేవాళ్లు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే అడగండి. ఈ జాతికి తుంటి కీలు సమస్య ఉంది, వంశంలో వచ్చే కిడ్నీ జబ్బు కూడా ఉంది. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
రాజాం అమ్మా, షెపర్డ్‌లు పెరుగుతున్న మాట నిజమే. అయితే ఇది మందతోనూ మనుషులతోనూ రోజంతా గడిపిన కుక్క. ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేస్తే ఏసీ ఉన్నా మొరుగుతూనే ఉంటుంది, తలుపులు గీరుతుంది. మా పిల్లలు డాబా మీద పరిగెడితే చుట్టూ తిరిగి అందరినీ ఒక మూలకి చేరుస్తుంది. దానికి ఆ పని కావాలి. అన్నం గిన్నె దాచి వెతికించడం, మేడ మీద బంతి, ఏదో ఒకటి రోజూ ఉండాలి.

రాజాం పిల్ల:
మా ఇంట్లో ఐదుగురం, పగలు ఎప్పుడూ ఇద్దరు ఇంట్లోనే ఉంటారు. అలాంటి ఇంటికి కూడా వద్దంటే నేను ఒప్పుకోను. గొరిగించడం గురించి మాత్రం తెలిసింది, థ్యాంక్స్.

జీడితోట, పలాస:
మనుషులున్నా కరెంటు ఉండాలి కదమ్మా. మా వీధిలో నాటు కుక్క ఈనింది, నాలుగు పిల్లలు. ఉక్కకి పుట్టి ఉక్కలో పెరిగేవి. కావాలంటే నేనే టీకాలు వేయించి ఇస్తాను.

కోటగుమ్మం, విజయనగరం:
రాత్రి భోజనాల దగ్గర మీ పోస్టులన్నీ పాపకి చదివి వినిపించాను. దుప్పటి సంగతి వచ్చేసరికి తినడం ఆపేసింది. కాసేపటికి "కరెంటు పోతే మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు నాన్నా?" అని తనే అడిగింది. బెంగళూరుకి వద్దని ఫోన్ చేశాను. పలాస గారూ, ఆ పిల్లల్ని చూడ్డానికి వస్తాం. నాగావళి గట్టు గారూ, మీకు ఇబ్బంది లేకపోతే ఒక్కసారి బూరుగుని చూడాలని పాప కోరిక.

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
ఇబ్బందేముందండీ. ఆదివారం పొద్దున్నే రండి. ఇప్పుడు నూగు బాగా రాలుతోంది, దువ్వడానికి రెండు గంటలు పడుతుంది. పాపని పాత బట్టలు వేసుకోమనండి, దువ్వెన తనకే ఇస్తాను.