ప్లేట్‌కి రంధ్రం పెడితే ఫ్రీక్వెన్సీ పెరిగింది, నా మోడల్ తప్పా?

ప్రశ్న: నమస్తే అండి. 400 × 400 మి.మీ. స్టీల్ ప్లేట్, మందం 3 మి.మీ. నాలుగు అంచులూ ఫిక్స్ చేసి కంప్యూటర్‌లో షెల్ ఎలిమెంట్లతో (ప్లేట్‌ని చిన్న పలుచటి ముక్కలుగా విడగొట్టి లెక్కించే పద్ధతి) మోడల్ చేస్తే మొదటి సహజ ఫ్రీక్వెన్సీ (ప్లేట్ తనంతట తాను ఊగే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) 168 హెర్ట్జ్ వచ్చింది. నడిమధ్యన 200 మి.మీ. వ్యాసం రంధ్రం పెట్టాక అది కొన్ని రెట్లు పెరిగిపోయింది. లోహం తీసేస్తే ప్లేట్ బలహీనపడాలి కదా? రెండు రోజులుగా మెష్ (ఆ ముక్కల అల్లిక) మారుస్తూనే ఉన్నాను, తేడా లేదు. రిపోర్ట్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మెష్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. రంధ్రం లేని ప్లేట్‌కి 168 సరైనదే. ఫిక్స్ చేసిన చదరపు ప్లేట్ గుణకం 35.99తో చేత్తో లెక్కేసినా అదే వస్తుంది. అంటే యూనిట్లు, మెటీరియల్ బాగున్నాయి. మొదటి మోడ్ (ఆ ఫ్రీక్వెన్సీలో ప్లేట్ ఊగే తీరు) యానిమేషన్ పెట్టి రంధ్రం అంచునే చూడండి. అది పైకీ కిందకీ ఊగాలి. ఊగకపోతే, అన్ని అంచులూ ఒకేసారి సెలెక్ట్ చేసినప్పుడు అదీ ఫిక్స్ అయిపోయినట్టే.

ప్రశ్న: అదేనండి! అంచు కదలట్లేదు. వదిలేశాక బాగా తగ్గింది, కానీ ఇంకా 168 కన్నా పైనే ఉంది.

జవాబు: అది నిజమైన పెరుగుదలే, భయపడకండి. రంధ్రం స్టిఫ్‌నెస్‌నీ (వంగకుండా నిలిచే గట్టిదనం) మాస్‌నీ రెండింటినీ తగ్గిస్తుంది. ఫ్రీక్వెన్సీ వాటి నిష్పత్తిని బట్టి ఉంటుంది. మొదటి మోడ్‌లో అన్నిటికంటే ఎక్కువగా ఊగేది ప్లేట్ మధ్యభాగం, మీరు తీసేసింది సరిగ్గా అక్కడి బరువే. ఫిక్స్ చేసిన అంచుల దగ్గర గట్టిగా వంగే లోహం అలాగే ఉంది. రంధ్రం చిన్నదైతే కథ వేరు: అంచులు స్వేచ్ఛగా తిరిగేలా ఆనించిన ప్లేట్‌లో చిన్న రంధ్రానికి ఫ్రీక్వెన్సీ కాస్త తగ్గి, పెద్దదయ్యాక పెరుగుతుంది. పక్కకు జరిపితే ఫలితం మళ్లీ మారుతుంది. అందుకే రంధ్రం ఎంతుందో ఒక్కటే కాదు, ఎక్కడుందో, అంచులు ఎలా పట్టి ఉన్నాయో కలిపి చూడాలి.

మరో జవాబు: ఒక మాట కలుపుతాను. కొందరు రంధ్రాన్ని కత్తిరించకుండా, అక్కడి ఎలిమెంట్లకి యంగ్స్ మాడ్యులస్‌ని (మెటీరియల్ గట్టిదనం చెప్పే విలువ) దాదాపు సున్నా చేస్తారు. డెన్సిటీని అలాగే వదిలేస్తే, ఆ మెత్తటి ముక్క ఒక్కటే ఊగే దొంగ మోడ్‌లు కింది ఫ్రీక్వెన్సీల దగ్గర పుట్టుకొస్తాయి. నేను ఇలా ఒక వారం పోగొట్టుకున్నాను. జ్యామితిలోనే కత్తిరించండి. మెష్ సైజు సగానికి తగ్గించి మళ్లీ రన్ చేయండి, ఫ్రీక్వెన్సీ 1 శాతం లోపు మారితే చాలు. రంధ్రం అంచున స్ట్రెస్ కావాలంటే మాత్రం అక్కడ మెష్ ఇంకా సన్నగా ఉండాలి.

ప్రశ్న: ధన్యవాదాలండి. వ్యాసాన్ని 20 మి.మీ. నుంచి 200 దాకా పెంచుతూ గ్రాఫ్ గీస్తాను, రేపు ఇక్కడే పెడతాను.