1968 జపాన్ పాముపిల్ల సినిమా: ఆఖర్లో ముసుగు తీసి పాడుచేశారా?

సెకండ్‌షో:
నిన్న రాత్రి నొరియాకి యువాసా తీసిన 'పాముపిల్ల, తెల్లజుట్టు మంత్రగత్తె' చూశాను. కజువో ఉమెజు గీసిన మాంగాల (జపాన్ బొమ్మల కథల) ఆధారంగా 1968లో దైయే సంస్థ తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. అనాథాశ్రమంలో పెరిగిన సయూరి సొంతింటికి చేరుతుంది. తండ్రి పాముల మీద పరిశోధనంటూ ఆఫ్రికా వెళ్లిపోతాడు. తల్లికి యాక్సిడెంట్ తర్వాత మతిమరుపు. అటక మీద తమామి అనే అక్క. గంటకు పైగా వణికించి, చివరికి మంత్రగత్తె అంటే ఆస్తి కోసం వేషం కట్టిన ఇంటి మనిషేనంటారు! (కథ చెప్పేశాను, సారీ.) ఇది మోసం కాదా?

పాతరీలు:
అది పిల్లల సినిమా అండీ. యువాసా అంటే గమేరా తాబేలు సినిమాల డైరెక్టర్. దీన్ని యోకాయ్ భూతాల సినిమాతో జంటగా విడుదల చేశారు. చూసిన పిల్లలు ఇంటికెళ్లి పడుకోవద్దూ?

అటకమీదబొమ్మ:
నా బాధ కూడా అదే. మాంగాలో తమామి ఎప్పటికీ ఎదగని పసికందు. తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. సినిమాలో ఆమెను మామూలు ఎత్తున్న పిల్లను చేసేశారు. పిల్లల కోసమని తీసినా ఉమెజు మాంగాలు చదివింది కూడా పిల్లలే కదా, వాళ్లకు లేని టెన్షన్ దైయేకి ఎందుకో!

నిద్రపట్టనివాడు:
ముసుగు తీస్తే ఏం తేలిందండీ? సయూరి కలల్లో తిరిగిన పాములకు ఆ ఇంటి మనిషి జవాబు చెప్పిందా? అయినా నేను భయపడింది పాముకి కాదు. ఒక కూతురు ముద్దుగా ఉందని కింద, ఇంకో కూతురు మొహం బాగోలేదని అటక మీద. ఆ ఇంట్లో అందరికీ అది మామూలైపోయింది. తమామి చెల్లెల్ని ఏడిపించినప్పుడల్లా నాకు తమామి మీదే జాలేసింది. రబ్బరు పాము మొహం చూసి నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. అటక మెట్లు చూస్తే మాత్రం రాలేదు. ఆస్తి కోసం మనిషి ఎంతకైనా తెగిస్తుందంటే, దయ్యం కంటే అదే నమ్మబుద్ధవుతుంది నాకు.

పాతరీలు:
అన్నట్టు, టాక్సీ డ్రైవర్‌ని గమనించారా? ఉమెజే!

సెకండ్‌షో:
అయ్యో, గమనించలేదు, మళ్లీ చూడాలి. అటక సంగతి ఒప్పుకుంటున్నాను. ఆ తెల్ల విగ్గు సంగతి మాత్రం ఒప్పుకోను.