వయొలిన్ నేర్చిన పాప పక్కవాద్యానికి వెళ్లాలా, సోలో కోసం ఆగాలా?

కొర్లగుంట నాన్న:
మా పాప తిరుపతిలోనే వయొలిన్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉంది. అన్నమయ్య కీర్తనల కచేరీలకు నెలకు మూడు నాలుగు సార్లు పక్కవాద్యానికి పిలుస్తారు. పోయిన నెల నుంచి వెళ్లనంటోంది. "ఎంతకాలం ఒకరి పక్కన కూర్చుని వాయించాలి? సోలో ఇస్తేనే వాయిస్తా" అని పట్టు. వాళ్ల గురువుగారేమో వచ్చింది ఏదీ వదలొద్దంటారు. నాకు సంగీతం రాదు. ఎవరి మాట వినాలో చెప్పండి.

అలిపిరి మెట్టు:
పాప మాటే వినండి సార్. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు తొలి సోలో కచేరీ చేసింది 1938లో, ఎక్కడో కాదు, మన చిత్తూరు పక్కనున్న వెల్లూరులో. వయొలిన్ ఒక్కటే కచేరీని మోయగలదని అప్పుడే తేలిపోయింది. ఇన్నేళ్లయినా పోస్టరు చూడండి, గాయకుడి ఫొటో ఇంత, వయొలిన్ వాళ్ల పేరు చీమ తలకాయంత. ఆ గాయకుడు రాగం ఇరవై నిమిషాలు పాడతాడు. వయొలిన్ వంతు రాగానే గడియారం చూసుకుంటాడు.

కమాను:
ఆ గడియారం సంగతి నిజం, నేనూ పడ్డాను. ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నా. అయినా పాప వెళ్లాలి.

ఒకసారి చిత్తూరులో ఒకే సాయంత్రం రెండు కచేరీలు ఒప్పుకున్నా. మొదటాయనది ఒకటిన్నర శృతి (అంటే పాటకు ఆధారమైన స్థాయి), తర్వాత పాడే ఆమెది ఐదున్నర, బాగా పై స్థాయి. మధ్యలో పది నిమిషాలు. గబగబా బిరడా తిప్పుతుంటే పై తీగ టప్‌మని తెగి చెంప మీద గీసుకుపోయింది. కొత్త తీగ వేశా. కొత్త తీగ నిలవదు కదా, వాయిస్తుంటే జారిపోతుంటుంది. కచేరీ మొదట్లో వచ్చే వర్ణం మొత్తం వేళ్లు అటూ ఇటూ జరుపుకుంటూ లాక్కొచ్చా. వర్ణం అయ్యాక ఆమె నా వైపు చూసి, మంచినీళ్లు తాగే వంకతో కాసేపు ఆగింది. ఆ సందులో శృతి చేసుకున్నా. సోలోలో శృతి నాది, పాటల వరస నాది. ఇలాంటి కంగారు ఉండదు, ఇలాంటి చదువూ ఉండదు. ఎదుటివాళ్లు ఏ రాగం ఎత్తుకుంటారో వేదిక మీదే తెలుస్తుంది. స్వరాలు పాడి వదిలారంటే, వాళ్లు ఊపిరి తీసుకునే లోపు జవాబు ఇవ్వాలి. పెద్ద వయొలిన్ విద్వాంసులు లాల్గుడి జయరామన్, టి.ఎన్. కృష్ణన్ ఇద్దరూ అరియక్కుడి, సెమ్మంగుడి లాంటి గాయకుల పక్కన వాయించి వచ్చినవాళ్లే.

ఫ్యూజన్ బాబు:
ఎందుకండీ ఈ గొడవ? పెళ్లి రిసెప్షన్లలో సినిమా పాటలు వాయించమనండి. ఒక్క సాయంత్రానికి నెల డబ్బులు.

కమాను:
డబ్బు మాట నిజమే. వాయించొద్దనను. కానీ పాప అడిగింది అది కాదు.

బైరాగిపట్టెడ టీచరమ్మ:
అలిపిరి అన్నా, మీరు ద్వారం వారి కథ సగమే చెప్పారు. ఆయనకు విజయనగరం సంగీత కళాశాలలో 1919లోనే ఉద్యోగం వచ్చింది. ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజులవి. 1936లో ఆయన తర్వాత ఈయనే ప్రిన్సిపాల్. వెల్లూరు సోలో దాని తర్వాత. అంటే 19 ఏళ్లు నెల జీతం తీసుకున్నాక. ఇంట్లో బియ్యం ఉంటే ప్రయోగం చేయొచ్చు. ముందు పాపను టీచర్ పోస్టులకు కూడా ప్రయత్నించమనండి.

ఇంకోటి. ఆడపిల్ల వయొలిన్ అంటే వద్దనే మగ గాయకులు ఒకప్పుడు ఉండేవాళ్లు. విజయనగరం అమ్మాయి ఎ. కన్యాకుమారి ఏళ్ల తరబడి గాయని ఎం.ఎల్. వసంతకుమారి పక్కన వాయించారు. సోలోలూ చేశారు, బోలెడంత మందితో వాద్య బృందాలూ నడిపారు. 2016లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్లు సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు. పక్కన కూర్చున్నంత మాత్రాన ఆమె తగ్గిందేమీ లేదు.

అలిపిరి మెట్టు:
ఉద్యోగం సంగతి ఒప్పుకుంటా టీచరమ్మా. కానీ ఒక్క కన్యాకుమారి గారిని చూపిస్తే సరిపోతుందా? పక్కవాద్యంలోనే వెంట్రుకలు తెల్లబడ్డవాళ్లు మన ఊళ్లోనే ఎంతమంది! వాళ్లకు ఒక్క సోలో ఇచ్చారా ఎవరైనా? నేర్చుకోవడానికి వెళ్లమనండి సరే, ఎన్నేళ్లో కూడా చెప్పండి. ఏడాదికి ఒక్క సోలో అయినా ఇప్పించే బాధ్యత ఆ గురువుగారిది కాదా?

కమాను:
దీనికి నా దగ్గర జవాబు లేదు. గురువుగారిని అడగాల్సిందే. నేను అడగలేదు, తప్పు చేశా.

కొర్లగుంట నాన్న:
అన్నీ పాపకు చదివి వినిపించా. తీగ తెగిన కథకు పడీపడీ నవ్వింది. సోలో మాట గురువుగారిని నేనే అడుగుతా. శనివారం కచేరీకి వెళ్తానంది, కానీ తన వంతు వచ్చినప్పుడు గాయకుడు గడియారం చూసినా రాగం ఆపదంట. ఈ సంగతి గురువుగారికి ముందే చెప్పాలా?

కమాను:
చెప్పొద్దు. తీగలు మాత్రం రెండు సెట్లు పెట్టెలో పెట్టుకోమనండి.