సమస్య: “గాలి కన్ను తెరువ గదియు వెలిగె”

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం పైన ఇచ్చాను. షరతు ఒకటుంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండులో ఇంట్లోనో గుళ్లోనో కొలిమి దగ్గరో వాడిన వస్తువు ఒకటి పద్యంలో పని చేస్తూ కనబడాలి. దాని పాత పేరు మీకు దారి చూపిస్తే చాలు, ఆ పేరు తెచ్చి పద్యంలో ఇరికించకండి, నిఘంటువు చదివినట్టు ఉంటుంది. గాలికి కన్నేమిటి అని నన్నడగొద్దు, అదే సమస్య.

గోదారి గట్టు:
మాస్టారూ, నాది ముందు వేసేస్తున్నా, లేకపోతే ఇదే ఐడియా ఇంకొకరు ఎత్తుకుపోతారు.

పొగలు నిండినట్టి పూరింటి లోపలన్
తడిక గోడకొక్క తలుపు తీయ
నౌకలెక్కి వచ్చు నార్సుల పలుకుగా
గాలి కన్ను తెరువ గదియు వెలిగె

విండో అన్న మాటే “గాలి కన్ను”. వైకింగుల భాష నార్సులో విండౌగ, విండ్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. పొయ్యి ఇంటి మధ్యలో, పొగంతా లోపలే.

ఓరుగల్లు పోరడు:
అక్కా, మూడో పాదం చదివి నౌకల మీద నర్సులు వచ్చారేమో అనుకున్నా 😀 పద్యం బాగుంది కానీ ఒక డౌటు. విండో నార్సు మాట, ఇంగ్లీషులో రాతకెక్కింది 13వ శతాబ్దిలో. అంతకు ముందు ఇంగ్లండు వాళ్లు వాడుకున్న సొంత మాట ఏయగ్‌థిర్ల్, అంటే కంటి కన్నం. ఆ థిర్ల్ అనే కన్నమే ఇప్పటి నాస్ట్రిల్‌లో, అంటే ముక్కు కన్నంలో, మిగిలింది. థ్రిల్ కూడా దాని చుట్టమే, మొదట్లో పొడిచి కన్నం చేయడం అనే అర్థం. మనం సినిమా చూసి థ్రిల్లయ్యాం అంటే తూటు పడ్డామన్నమాట. మరి షరతు ప్రకారం ఈ పూరణ చెల్లుతుందా?

నిర్వాహకుడు:
చెల్లుతుంది. ఆవిడ నార్సుల పలుకు అని పద్యంలోనే ఒప్పుకుంది కదా. వాళ్లకి కన్నే, వీళ్లకీ కన్నే, మనకి గవాక్షం, అంటే ఆవు కన్ను. గోడలో కన్నం చూస్తే అందరికీ కన్నే తోచింది. నాకు గుచ్చుకున్నది రెండో పాదం. “తలుపు తీయ” అంటే వాకిలి తెరిచినట్టుంది, వాకిలే తెరిస్తే ఇక కిటికీతో పనేముంది? “తడిక గోడకొక్క దారి వదల” అనండి. త-ద యతి సరిపోతుంది, గణాలూ చెడవు. తడిక గోడ మాత్రం భేషైన మాట. వాళ్ల ఇళ్లూ అంతే, కొమ్మలు అల్లి పైన మట్టి మెత్తడం.

గోదారి గట్టు:
మార్చేశాను మాస్టారూ. నర్సుల మాట మాత్రం మార్చను.

చలిదేశం:
నేనుండేది ఇంగ్లండులో, సండర్లాండ్ దగ్గరే. ఇక్కడ సెయింట్ పీటర్స్ చర్చి 674లో మొదలైంది, పడమటి గోడ ఇంకా నిలబడే ఉంది. దాని కిటికీలకు గాజు బిగించడానికి గాల్ దేశం (ఇప్పటి ఫ్రాన్సు వైపు) నుంచి పనివాళ్లను రప్పించారని, ఆ పని అప్పటికి ఇక్కడ ఎవరికీ రాదని ఇక్కడి పాతకాలపు సన్యాసి, చరిత్రకారుడు బీడ్ రాశాడు. అంటే పేదవాడి గాలి కన్నుకు రెప్ప లేదు, చలి నేరుగా లోపలికే. జనవరిలో ఆ గోడ పక్కన నిలబడితే బాగా అర్థమవుతుంది!

ఓరుగల్లు పోరడు:
నేను కిటికీ జోలికి పోలేదు. కొలిమి.

కొలిమి లోన బొగ్గు కునుకుచు నుండగా
తోలు తిత్తి నొత్తె పక్కవాడు
మూసియున్న నిప్పు ముఖమున మెల్లగా
గాలి కన్ను తెరువ గదియు వెలిగె

కన్ను గాలిది కాదు, నిప్పుది. తెరిచింది గాలి. బెల్లోస్ అన్న మాట పాత రూపం బెల్గ్, అంటే సంచి. బెల్లీ కూడా అందులోంచే వచ్చింది. మన తిత్తి కూడా సంచే కదా అన్నా.

నిర్వాహకుడు:
తమ్ముడూ, సమస్యను విరిచిన తీరు చూసి కుర్చీలోంచి లేచాను. కానీ రెండో పాదంలో తో-ప యతి ఎక్కడిది? “తోడివాడు” అను, తీరిపోతుంది. కొలిమిలో తిత్తి ఒత్తేవాడు తోడివాడే. ఇంకోటి, వెయ్యో సంవత్సరం ప్రాంతంలో ఎల్ఫ్రిక్ అనే సన్యాసి పిల్లలకు లాటిన్ నేర్పడానికి ఒక సంభాషణ రాశాడు. అందులో కమ్మరి గొప్పలు పోతాడు, దున్నేవాడికి నాగలికర్రు, జాలరికి గాలం, చెప్పులు కుట్టేవాడికి ఆరె, దర్జీకి సూది అన్నీ నా చేతివే అని. దానికి ఎదుటివాడు, నీ దగ్గర మాకు దొరికేది నిప్పురవ్వలు, సుత్తి మోత, తిత్తి ఊపిరి తప్ప ఏముంది అని ఎత్తిపొడుస్తాడు. ఆ తిత్తి ఊపిరి నీ పద్యంలో వినబడింది.

ఓరుగల్లు పోరడు:
యతి దగ్గర ప్రతిసారీ ఇదే టెన్షన్. తోడివాడు, ఖాయం.

చలిదేశం:
నా ప్రయత్నం:

గుడుల సందు గాలి కొవ్వొత్తి నార్పగా
కొమ్ము చెక్కి రాజు గూడు కట్టె
వణుకు లేని వత్తి వంగదు నేడింక
గాలి కన్ను తెరువ గదియు వెలిగె

తొమ్మిదో శతాబ్దిలో ఇంగ్లండులో ఏలిన ఆల్ఫ్రెడ్ రాజు కథ. 12 అంగుళాల కొవ్వొత్తులు ఆరు, ఒక్కోటి నాలుగు గంటలు, అలా రోజు లెక్క. గుడి సందుల్లోంచి, గుడారాల్లోంచి గాలి కొట్టి లెక్క తప్పుతుంటే ఎద్దుకొమ్మును పల్చగా చెక్కించి చెక్కతో కలిపి లాంతరు చేయించాడని ఆయన జీవితకథ రాసిన ఆసర్ చెప్పాడు.

గోదారి గట్టు:
“కొమ్ము చెక్కి రాజు గూడు కట్టె” ఈ పాదం నాకిచ్చెయ్యండి! గూడు అనగానే మా అమ్మమ్మగారింటి గోడలో దీపం గూడు, దాని పైన నల్లటి మసి మరక కళ్లముందు కనబడ్డాయి. కానీ ఆల్ఫ్రెడ్‌వి మైనం వత్తులు, మీరు కొవ్వు అన్నారు.

చలిదేశం:
మన మాటలోనే కొవ్వుంది, నేనేం చేయను అక్కా. మైనం వాడినా కొవ్వొత్తే అంటాం.

నిర్వాహకుడు:
కొవ్వు సంగతి వదిలేద్దాం. నా పేచీ నాలుగో పాదంతో. గాలి కన్నెర్ర చేసినా గది వెలిగింది అని మీ ఉద్దేశం. “తెరువ” అంటే తెరవగా అని, తెరిచినా అని రాదు. మొదటి మూడు పాదాలు బంగారం, సమస్య మాత్రం పూరణకు అతకలేదు. ఈ వారం పోరడిదే పైచేయి, యతి నేను దిద్దినా సరే.

చలిదేశం:
ఒప్పుకోను గానీ ఒప్పుకుంటున్నాను.

నిర్వాహకుడు:
వచ్చే వారానికి, మళ్లీ ఆటవెలది నాలుగో పాదమే:

పిండి పిసుకు నామె పెద్ద రాణి

లేడీ అన్న మాట పాత రూపం వెతుక్కోండి, అందులో రొట్టె దొరుకుతుంది. ఆదివారం రాత్రి దాకా గడువు. నర్సులు వద్దు.