తప్పని తెలిసిన నమ్మకం మీటింగ్‌లో నోరు నొక్కేస్తోంది, ఏం చేయాలి?

ఒక్కరితో అయితే గడగడా మాట్లాడతాను. ఐదారుగురు దాటితే చాలు, నా వంతు రావడానికి రెండు మూడు నిమిషాల ముందే గుండె దడ, నోరు ఎండిపోవడం, చేతులు చల్లబడటం. "నేను మాట్లాడితే నవ్వుతారు" అన్నదే బుర్రలో తిరుగుతుంది. చివరికి "చెప్పాల్సిందేమీ లేదండీ" అనేసి మైక్ మ్యూట్ చేస్తాను. రాసుకున్న పాయింట్లు నోట్‌బుక్‌లోనే ఉండిపోతాయి. ఆన్‌లైన్‌లో కెమెరా ఆపుకున్నా ఇదే తంతు.

అద్దం ముందు "నేను చేయగలను" అనుకుని చూశాను. అన్న ప్రతిసారీ లోపల "అబద్ధం" అని వినిపించి ఇంకా నీరుగారిపోయాను. (తమ మీద తమకు నమ్మకం తక్కువున్నవాళ్లకి ఇలాంటి వాక్యాలు ఎదురుతిరగొచ్చని 2009లో వచ్చిన ఒక పరిశోధన కూడా చెప్పింది.) తర్వాత కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకునేలా చేసే మానసిక చికిత్స) వాడే పద్ధతి పట్టుకున్నాను: ఆలోచన ఒక గడిలో, దానికి సాక్ష్యం ఇంకో గడిలో, వ్యతిరేక సాక్ష్యం మూడో గడిలో. రెండో గడి ఖాళీనే, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ నవ్వలేదు. కానీ నా పేరు పిలిచేసరికి ఆ కాగితం గుర్తుకే రాదు. నెమ్మదిగా ఊపిరి వదిలితే దడ తగ్గుతుంది, ఆ మాట మాత్రం పోదు.

ఇలాంటి నమ్మకాన్ని సరిగ్గా ఆ రెండు నిమిషాల్లో పక్కనపెట్టి మాట్లాడేయడానికి మీకు పనిచేసిన పద్ధతి ఏది?