గీజర్‌లో సున్నం: యాసిడ్ పోయాలా, విప్పి కడగాలా?

ఉప్పునీళ్లు:
15 లీటర్ల స్టోరేజీ గీజరు, 2 కిలోవాట్ల ఎలిమెంటు, బోరు నీళ్లు. ఆన్ చేస్తే లోపల గులకరాళ్లు వేయించినట్టు చప్పుడు. లైటు ఎనిమిది నిమిషాలకే ఆరిపోతుంది, కానీ అర బకెట్టు నిండేలోపే నీళ్లు చల్లబడుతున్నాయి. బాత్రూమ్ కడిగే యాసిడ్ పైపులోంచి పోసి గంట ఉంచితే చాలంటున్నారు. పోయొచ్చా?

పానాపట్టకారు:
వద్దు. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నంతో పాటు మెగ్నీషియం రాడ్‌నీ (ట్యాంకు తుప్పు పట్టకుండా తను అరిగిపోయే కడ్డీ) తినేస్తుంది, హైడ్రోజన్ పుడుతుంది. ట్యాంకు ఎనామిల్‌లో వెంట్రుకంత పగులున్నా అక్కడి ఇనుముని పట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ ట్యాంకైతే వెల్డింగు అతుకుల దగ్గర చిల్లులు పడతాయి.

విప్పడమే మార్గం. ఎంసీబీ దించి, టెస్టరుతో చూసుకుని, చల్లనీళ్ల వాల్వు కట్టేయండి. నీళ్లు చల్లారాక వేడి కుళాయి తెరిచి ఉంచి చల్లనీళ్ల పైపు ఊడదీయండి. నీళ్లు దిగేది అటునుంచే. కుళాయి తెరిచేది గాలి లోపలికి పోవడానికి. వైర్లు ఫొటో తీసుకున్నాకే పీకండి. కింది ప్లేటు బోల్టులు విప్పితే చాలా మోడళ్లలో ఎలిమెంటు, రాడ్ కలిసే వస్తాయి. సున్నం లావెక్కి రంధ్రంలో ఇరుక్కుంటే గుంజకండి, అటూ ఇటూ ఊపుతూ తీయండి.

రాలిన పెచ్చులు ముందు చేత్తో తోడేయాలి. 100 గ్రాముల సున్నం కరగాలంటే దాదాపు 130 గ్రాముల నిమ్మఉప్పు పడుతుంది, అన్నీ కరిగించాలనుకోవడం దండగ. ఎలిమెంటు కోసం లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాములు కలపండి. రాడ్ విప్పి పక్కన పెట్టి, కరెంటు కొనలు తడవకుండా ఎలిమెంటు ముంచండి. పొర ఇంకా ఉండగానే బుడగలు ఆగిపోతే ద్రావణం పని అయిపోయినట్టే, కొత్తది కలపండి. మరిగే నీళ్లు వాడితే కాల్షియం సిట్రేట్ తెల్లటి మడ్డిలా పేరుకుంటుంది. స్క్రూడ్రైవరుతో చెక్కితే ఎలిమెంటు పై లోహపు తొడుగు గీరుకుపోతుంది.

బిగించేటప్పుడు గాస్కెట్ కొత్తది వేయండి. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. వేడి కుళాయిలో గాలి తెంపులు లేని ధార వచ్చేదాకా కరెంటు ఇవ్వొద్దు, ఖాళీ ట్యాంకులో ఎలిమెంటు ఇట్టే మాడిపోతుంది.

ఎర్తువైరు:
సున్నం పడితే కరెంటు రెండింతలు కాలుతుందంటారు. నీళ్లలో మునిగుండే ఎలిమెంటుకి అది వర్తించదు. ఆ 2 కిలోవాట్లు నీళ్లలోకి తప్ప ఎక్కడికి పోతాయి? 15 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకు రావడానికి ఎలిమెంటు ఆరకుండా వెలగాల్సింది సుమారు 18 నిమిషాలు, సున్నం ఉన్నా లేకున్నా. పెరిగేది ఎలిమెంటు ఒంటి వేడి. చివరికి తొడుగు పగిలి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతుంది.

మీది ఎనిమిది నిమిషాలకే ఆరుతోందంటే, ఎలిమెంటుకీ థర్మోస్టాట్ (నీళ్లు కాగగానే కరెంటు ఆపేది) గొట్టానికీ మధ్య సున్నం గడ్డకట్టి, ఆ వేడి నేరుగా తగిలి కట్ అవుతుండొచ్చు. నాబ్ పెంచితే ఇంకా పాడు. ఆ గొట్టం కూడా గీకకుండా నానబెట్టి శుభ్రం చేయండి. చల్లనీళ్లు వచ్చే మూతి దగ్గరి ప్లాస్టిక్ టోపీ కూడా చూడండి. అది విరిగితే చల్లనీళ్లు పైకి చిమ్మి వేణ్ణీళ్లలో కలిసిపోతాయి.

ఉప్పునీళ్లు:
మళ్లీ పట్టకుండా ఏం చేయాలి? టీడీఎస్ 900 చూపిస్తోంది.

పానాపట్టకారు:
టీడీఎస్ వేరు, గట్టితనం వేరు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి, గట్టితనం అంటే వాటిలో కాల్షియం, మెగ్నీషియం మాత్రమే. చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే హార్డ్‌నెస్ కిట్‌తో చూడండి. లీటరుకి 180 మిల్లీగ్రాములు దాటితే బాగా గట్టి నీళ్లు. ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ పనిచేస్తుంది. అయితే కాల్షియం పోయి సోడియం చేరుతుంది కాబట్టి టీడీఎస్ తగ్గదు, కంగారు పడొద్దు. పైపుకి తగిలించే అయస్కాంతాల మీద నాకు నమ్మకం లేదు. థర్మోస్టాట్ 60 దాటనివ్వకండి, వేడి పెరిగేకొద్దీ సున్నం జోరుగా విడిపోతుంది.

ఎర్తువైరు:
సాఫ్ట్‌నర్ పెడితే మెగ్నీషియం రాడ్ ఇంకా త్వరగా అరుగుతుంది. ఆరు నెలలకోసారి చూడండి, లోపలి ఉక్కు తీగ బయటపడితే మార్చేయాలి. సేఫ్టీ వాల్వు మీట కూడా అప్పుడే ఎత్తి చూడండి. సున్నం పట్టి బిగుసుకుపోయుంటే కడిగి పెట్టొద్దు, కొత్తది వేయండి.