అప్‌డేట్: జూనియర్ ఫిజియోథెరపిస్టులకు తలనొప్పి కేసులు నేర్పడం (కర్నూలు)

మా ఫిజియోథెరపీ క్లినిక్ జూనియర్లకు తలనొప్పి కేసులు ఎలా నేర్పాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. "చెయ్యి వేసే ముందు పేషెంట్ చెప్పేది వాళ్లను విననివ్వండి" అని మీరిచ్చిన సలహా బంగారం.

ఇప్పుడు మెడ ముట్టుకోకముందే ప్రశ్నలు: నొప్పి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిందా, జ్వరముందా, చెయ్యో కాలో పట్టు తప్పిందా, 50 దాటాక కొత్తగా మొదలైందా? ఒక్కదానికి అవునన్నా డాక్టర్ దగ్గరికే. ఇందులో రాజీ లేదు.

ఆ తర్వాతే ఫ్లెక్షన్ రొటేషన్ టెస్ట్, అంటే తలనొప్పి మెడ నుంచి వస్తోందేమో చూసే పరీక్ష. పడుకోబెట్టి, తల పూర్తిగా ముందుకు వంచి, అలాగే పట్టుకుని పక్కలకు తిప్పాలి. మామూలుగా ఒక్కో వైపు దాదాపు 44 డిగ్రీలు తిరుగుతుంది. ఆదోని నుంచి వచ్చిన టైలరమ్మకు కుడివైపు సగంలోనే ఆగిపోయింది. "ఇదే సార్, నాకు రోజూ వచ్చే నొప్పి" అనింది. నా పాఠాలన్నిటికన్నా ఆ ఒక్క మాట జూనియర్లకు బాగా ఎక్కింది. ఆమెకు మెడ లోపలి కండరాల వ్యాయామాలు ఇచ్చాం, కుట్టుమిషన్ దగ్గర కూర్చునే తీరు మార్చాం. నొప్పి బాగా తగ్గింది.

అయితే మైగ్రేన్‌లోనూ మెడ పట్టేస్తుంది. అందుకే అందరిచేతా తలనొప్పి డైరీ రాయిస్తున్నాం. నెలలో 15 రోజులు, అంతకుమించి నొప్పిమాత్రలు మింగేవాళ్లను న్యూరాలజిస్ట్‌కు పంపుతున్నాం.